విపత్తు వచ్చిన చోటే నగరాన్ని మళ్ళీ కట్టాలా? తరచుగా అడిగే ప్రశ్నలు

భూకంపమో, ఉప్పెనో, అగ్నిపర్వతమో ఒక ఊరిని తుడిచిపెట్టాక వారం తిరక్కుండానే ఒక వాదన మొదలవుతుంది. "అక్కడ మళ్ళీ కట్టడం పిచ్చితనం" అని దూరాన ఉన్నవాళ్ళు అంటారు. "మా ఊరు వదిలి ఎక్కడికి పోతాం" అని అక్కడివాళ్ళు అంటారు. ఈ విషయం మీద ఎక్కువగా వినిపించే ప్రశ్నలకు సమాధానాలు ఇవి.

సూటిగా చెప్పండి. అక్కడే మళ్ళీ కట్టాలా, వద్దా?

చాలా సందర్భాల్లో కట్టాలి. అయితే మొత్తం ఊరిని కట్టనక్కర్లేదు, మునుపు ఉన్నట్టే అసలు కట్టకూడదు.

నగరం మొత్తాన్ని ఒకే ముద్దగా చూడటంతోనే చిక్కు మొదలవుతుంది. ఒకే నగరంలో రాతి నేల మీద ఉన్న పేట నిలబడుతుంది, పక్కనే పూడ్చిన చెరువు మీద లేచిన పేట కూలిపోతుంది. అందుకే "ఈ నగరం ఉండాలా" అని అడగడం కంటే "ఏ వీధి ఉండాలి, ఏ వీధి పైకి జరగాలి, జరిగేవాళ్ళ బతుకు ఎలా" అని అడగడం మేలు. ఈ ప్రశ్నకు నెలల తరబడి ఓపికగా జవాబు వెతికిన ఊళ్ళు బాగుపడ్డాయి. ఒక్క మాటలో తేల్చేసిన చోట జనం రెండోసారి నష్టపోయారు.

అంత ప్రమాదమని తెలిసి జనం అసలు అక్కడ ఎందుకు ఉంటున్నారు?

ప్రమాదం తెచ్చేదే బతుకునూ ఇస్తుంది కాబట్టి. నది పొంగితే ముంచుతుంది, కానీ పొలాలకు ఒండ్రు తెచ్చేది అదే పొంగు. రేవు కావాలంటే సముద్రం పక్కన ఉండాలి. అగ్నిపర్వతం బూడిద కాలక్రమంలో సారవంతమైన నేలగా మారుతుంది.

ఇంకో కారణం గురించి తక్కువగా మాట్లాడతారు. నగరం పుట్టినప్పుడు మంచి చోటులోనే పుడుతుంది. అమెరికాలోని న్యూ ఆర్లియన్స్‌ను 1718లో మొదలుపెట్టినప్పుడు మిసిసిపీ నది తనంతట తాను పోసుకున్న ఎత్తయిన గట్టు మీదే కట్టారు. 2005లో కత్రినా తుపాను వచ్చినప్పుడు ఆ పాత పేట, ఫ్రెంచ్ క్వార్టర్, దాదాపు మునగలేదు. మునిగినవి చాలావరకు తర్వాతి కాలంలో చిత్తడి నేలల నుంచి నీరు తోడేసి కట్టిన పేటలు. మంచి నేల అయిపోయాక వచ్చినవాళ్ళకు మిగిలింది పల్లపు నేల. వచ్చిన వాళ్ళలో పేదలే ఎక్కువ. "తెలిసి తెలిసి అక్కడ ఉన్నారు" అనే ముందు ఈ సంగతి గుర్తుపెట్టుకోవాలి.

చరిత్రలో నగరాలను నిజంగా వదిలేసిన సందర్భాలు ఉన్నాయా?

ఉన్నాయి, కానీ మనం అనుకునేంత ఎక్కువ కాదు. 1964 డిసెంబరు తుపానులో ధ్వంసమైన ధనుష్కోడిని నివాసానికి పనికిరాదని అప్పటి మద్రాసు ప్రభుత్వం ప్రకటించింది. ఆ ఊరు మళ్ళీ లేవలేదు. అయినా మత్స్యకారులు అక్కడ గుడిసెలు వేసుకుని బతుకుతూనే ఉన్నారు. కరీబియన్ దీవి మోంట్‌సెరాట్‌లో 1995లో అగ్నిపర్వతం మేల్కొన్నాక రాజధాని ప్లిమత్ బూడిద కింద కూరుకుపోయింది. దీవి దక్షిణ భాగం ఇప్పటికీ నిషేధిత ప్రాంతమే, జనాభాలో ఎక్కువమంది దీవినే వదిలి వెళ్ళారు. మరో కరీబియన్ దీవి మార్టినిక్‌లోని సెయింట్ పియర్‌లో 1902 మే 8న అగ్నిపర్వతం పేలి సుమారు 28,000 మంది ఒక్క ఉదయంలో చనిపోయారు. అది మళ్ళీ చిన్న ఊరుగా లేచింది గానీ, దీవికి పెద్ద నగరం అన్న హోదా ఫోర్ ద ఫ్రాన్స్‌కు వెళ్ళిపోయింది.

మిగిలినవాటిలో లిస్బన్, శాన్‌ఫ్రాన్సిస్కో, టోక్యో, తాంగ్‌షాన్, స్కోప్యే, భుజ్ అన్నీ ఉన్నచోటే మళ్ళీ లేచాయి. నేలమట్టమైన నగరంలో కూడా భూమి హక్కులు, నేల కింద పైపులు, రోడ్లు, రేవు, బంధుత్వాలు మిగిలి ఉంటాయి. అవి జనాన్ని వెనక్కి పిలుస్తాయి.

ఊరిని వేరే చోటికి మార్చేస్తే సమస్య తీరిపోతుంది కదా?

దీనికి గ్వాటెమాల కంటే మంచి పాఠం లేదు. అక్కడి వలస రాజధాని 1541లో అగ్నిపర్వతం వాలు నుంచి దిగిన బురద వరదకు బలైంది. రాజధానిని కొద్ది దూరం మార్చారు. 1773లో వరుస భూకంపాలు ఆ రెండో నగరాన్ని కూల్చాయి. మళ్ళీ మార్చాలని నిర్ణయించి 1776లో ఇప్పటి గ్వాటెమాలా సిటీకి తరలించారు. పాత నగరం ఖాళీ చేయాలని ఆజ్ఞలు వెళ్ళాయి. 1917-18 భూకంపాల్లో కొత్త రాజధాని కూడా కూలింది. 1976 భూకంపం దేశంలో సుమారు 23,000 మందిని బలితీసుకుంది. ఇక ఖాళీ చేయమన్న పాత నగరం ఆంటిగ్వా పేరుతో నేటికీ జనంతో కళకళలాడుతోంది. 1979లో యునెస్కో వారసత్వ జాబితాలోకీ ఎక్కింది.

మార్చినా అదే ప్రమాద పరిధిలో ఉంటే ఫలితం లేదు. ఒక దేశమంతా భూకంప మండలంలో ఉన్నప్పుడు స్థలం మారితే సరిపోదు, ఇల్లు కట్టే పద్ధతి మారాలి.

కానీ తక్కువ దూరం, సరైన కారణంతో మారిన ఊళ్ళు బాగున్నాయి. 1964 అలాస్కా భూకంపంలో వాల్డెజ్ ఊరి రేవు ఉన్న నేల సముద్రంలోకి జారిపోయింది. ఊరిని సుమారు 6 కిలోమీటర్ల దూరంలో గట్టి నేల మీదికి తరలించారు. మొరాకోలోని అగాదిర్ 1960లో కొద్ది సెకన్ల భూకంపంలో వేలమందిని కోల్పోయింది, కొత్త నగరం కాస్త దక్షిణంగా లేచి పెద్ద రేవు పట్టణమైంది. రెండు చోట్లా జనం తమ సముద్రాన్నీ, పనినీ పోగొట్టుకోలేదు. గుర్తుంచుకోవాల్సిన కొలమానం ఇదే: ఉదయం లేచి పాత పనికి వెళ్ళగలిగే దూరంలో కొత్త ఊరు ఉందా?

ఏ పరిస్థితిలోనైనా మళ్ళీ కట్టకూడని చోట్లు ఉన్నాయా?

ఉన్నాయి. ఇక్కడ మొహమాటం పనికిరాదు. పైనుంచి వచ్చే పదార్థం ఊరి మీదుగానే పోవాల్సిన దారి ఉంటే, దాన్ని ఏ గోడా ఆపదు, ఏ పునాదీ తట్టుకోదు.

కొలంబియాలోని అర్మేరో పట్టణం నెవాడో దెల్ రూయిజ్ అగ్నిపర్వతం నుంచి దిగే నది కొండల లోయ దాటి మైదానంలోకి వచ్చే చోట ఉండేది. 1845లో అదే దారిన బురద వరద వచ్చి వందలమంది చనిపోయారు. ఆ బురద ఆరి గట్టిపడిన నేల మీదే తర్వాత పట్టణం పెరిగింది. 1985 నవంబరు 13 రాత్రి విస్ఫోటం జరిగాక బురద అక్కడికి చేరడానికి రెండు గంటలకు పైగా పట్టింది. ఏ ప్రాంతం మునుగుతుందో చూపే పటం అంతకు నెల ముందే తయారై ఉంది. అయినా జనాన్ని ఖాళీ చేయించలేదు. సుమారు 23,000 మంది పోయారు. ఆ చోట మళ్ళీ కట్టలేదు, కట్టకపోవడమే న్యాయం.

పెరూలో యుంగాయ్ పరిస్థితి ఇంకా ఘోరం. 1970 మే 31న భూకంపానికి వాస్కరాన్ శిఖరం నుంచి విరిగిపడ్డ మంచు, రాయి కొన్ని నిమిషాల్లోనే ఊరిని కప్పేసింది. శ్మశానం గుట్ట ఎక్కినవాళ్ళు కొందరు బతికారు. అదే శిఖరం 1962లో పక్క ఊరు రన్రాహిర్కాను ఇలాగే మింగింది. అంటే హెచ్చరిక ఎనిమిదేళ్ళ ముందే వచ్చింది. పాత యుంగాయ్ ఇప్పుడు తవ్వకాలు నిషేధించిన సమాధి స్థలం. బతికినవాళ్ళు మాత్రం ప్రాంతం వదలలేదు, కొద్ది దూరంలో ఉత్తరాన కొత్త యుంగాయ్ కట్టుకున్నారు.

ఇలాంటి చోట్ల అడగాల్సినవి రెండే. హెచ్చరిక అందాక పారిపోవడానికి టైమ్ ఉంటుందా? ఉన్నా, పారిపోయేందుకు ఎత్తయిన చోటు ఉందా? ఏ ఒక్కదానికి లేదు అనే జవాబు వచ్చినా అక్కడ ఇల్లు ఉండకూడదు.

భూకంపం వచ్చిన చోట మళ్ళీ వస్తుంది కదా. అక్కడే కట్టడం తప్పు కాదా?

భూకంపానికి మనుషులు చనిపోరు, ఇళ్ళు కూలి చనిపోతారు. ఈ మాట చాలాసార్లు విన్నదే అయినా 2010 సంవత్సరం దీన్ని కళ్ళకు కట్టింది. జనవరిలో హైతీలో 7.0 తీవ్రతతో భూకంపం వచ్చింది, లక్షమందికి పైగా పోయారు. ఫిబ్రవరిలో చిలీలో 8.8 తీవ్రతతో వచ్చింది. విడుదలైన శక్తి వందల రెట్లు ఎక్కువ. మృతులు సుమారు 525 మంది, వాళ్ళలోనూ చాలామంది సునామీకి పోయినవారు. హైతీ భూకంపం రాజధానికి చాలా దగ్గరగా వచ్చిందన్న తేడా ఉంది, నిజమే. కానీ అసలు తేడా 1960 మహా భూకంపం తర్వాత చిలీ పట్టుబట్టి అమలు చేసిన నిర్మాణ నియమాల్లో ఉంది.

నియమం పుస్తకంలో ఉంటే చాలదు. టర్కీలో మంచి నియమాలే ఉన్నాయి. 2018లో అక్రమ కట్టడాలను రుసుము కట్టించుకుని క్రమబద్ధం చేసే పథకం పెట్టారు. 2023 ఫిబ్రవరి 6 భూకంపాల్లో ఆ దేశంలో 50,000 మందికి పైగా చనిపోయారు. కూలిన ప్రతి ఇల్లూ ఆ పథకం వల్లే కూలిందని ఎవరూ అనలేరు. కానీ బలహీనమైన కట్టడానికి డబ్బు తీసుకుని కాగితం ఇస్తే ఆ ఇంటి పిల్లర్లు బలపడవు. ఈ రకం క్రమబద్ధీకరణలను నేను తప్పుగానే చూస్తాను, ఏ దేశంలో జరిగినా.

మంచి పునర్నిర్మాణం అంటే ఎలా ఉంటుంది? ఒక ఉదాహరణ చెప్పండి.

పోర్చుగల్ రాజధాని లిస్బన్. 1755 నవంబరు 1న భూకంపం, సునామీ, రోజుల తరబడి మంటలు కలిసి నగరం నడిబొడ్డును తినేశాయి. రాజుగారి ప్రధాన ఇంజనీరు మనుయెల్ ద మాయా నెల రోజులకే ఒక నివేదిక ఇచ్చాడు. పాత ఊరిని ఉన్నది ఉన్నట్టు కట్టడం నుంచి, దాన్ని వదిలేసి బెలేం వైపు కొత్త నగరం లేపడం దాకా దారులన్నీ అందులో పెట్టి, దేనికి ఎంత శ్రమో, ఏ లాభమో వివరించాడు. చివరికి పల్లపు పేటను పూర్తిగా చదును చేసి వెడల్పాటి వీధులతో కొత్తగా కట్టాలని నిర్ణయించారు. మంత్రి పోంబాల్ దాన్ని నడిపించాడు. కొలతలు తీసి హక్కులు తేలేదాకా ఎవరూ సొంతంగా కట్టకూడదని ఆపారు.

ఇంటి గోడల లోపల చెక్క దూలాలను అడ్డంగా, నిలువుగా, ఏటవాలుగా బిగించి ఒక పంజరంలా చేశారు. కుదుపులో రాయి రాలినా పంజరం నిలబడి మనిషికి బయటపడే అవకాశం ఇస్తుంది. నమూనా కట్టి చుట్టూ సైనికులను కవాతు చేయించి పరీక్షించారని చెబుతారు. రెండున్నర శతాబ్దాల కిందటే మనం ఇప్పుడు అడుగుతున్నవన్నీ వాళ్ళు అడిగారు: దారులు ఎన్ని, నేల ఎలాంటిది, ఇల్లు ఎలా కట్టాలి, హక్కు ఎవరిది.

నేల అంత ముఖ్యమా?

చాలా. 1985 సెప్టెంబరు 19న మెక్సికో సిటీని కుదిపిన భూకంప కేంద్రం 350 కిలోమీటర్లకు పైగా దూరంలో, పసిఫిక్ తీరంలో ఉంది. దగ్గర్లోని పట్టణాల కంటే రాజధానిలో నష్టం ఎక్కువ. ఎందుకంటే నగరం నడిబొడ్డు ఒకప్పటి సరస్సు అడుగు. ఆ మెత్తటి బంకమట్టి భూకంప తరంగాలను పెంచి, మెల్లగా ఊగేలా చేసింది. ఆ ఊపు మధ్య ఎత్తు భవనాల సహజమైన ఊపుతో కలిసింది. చిన్న ఇళ్ళు చాలావరకు నిలబడ్డాయి, ఆరు నుంచి పదిహేను అంతస్తుల భవనాలు ఎక్కువగా దెబ్బతిన్నాయి.

శాన్‌ఫ్రాన్సిస్కోలో మెరీనా పేట 1915 ప్రదర్శన కోసం నీటిని పూడ్చి తయారుచేసిన నేల. 1989లో లోమా ప్రియేటా భూకంపం వచ్చినప్పుడు నీరు నిండిన ఆ వదులు మట్టి కుదుపుకు పట్టు కోల్పోయి ద్రవంలా ప్రవర్తించింది. ఇళ్ళు ఒరిగాయి, గ్యాస్ పైపులు తెగి మంటలు లేచాయి. 1906లో అంత పెద్ద భూకంపం చూసిన నగరం, కొన్నేళ్ళకే పూడ్చిన నేలను ఇళ్ళకు ఇచ్చింది. తొందరలో చేసిన పనికి డెబ్భై ఏళ్ళ తర్వాత ఎవరో మూల్యం చెల్లించారు.

గోడలు, కరకట్టలు కడితే సరిపోదా?

కొన్నిసార్లు సరిపోతుంది. 1900 సెప్టెంబరు 8న వచ్చిన తుపాను అమెరికాలోని గాల్వెస్టన్ దీవిలో కనీసం 6,000 మందిని చంపింది. జనం వదిలి పోలేదు. సముద్రం వైపు సుమారు 5 మీటర్ల ఎత్తు గోడ కట్టారు. తర్వాత అసాధ్యం అనిపించే పని చేశారు: రెండు వేలకు పైగా కట్టడాలను జాకీలతో పైకెత్తి, వాటి కింద ఇసుక నింపి ఊరి మట్టాన్నే పెంచారు. 1915లో మళ్ళీ అలాంటి తుపానే వచ్చింది, గోడ వెనక ఉన్న నగరంలో ప్రాణనష్టం చాలా తక్కువ. అయితే ఈలోగా వ్యాపారం లోపలికి, హ్యూస్టన్‌కు జరిగిపోయింది. ప్రాణాలు దక్కాయి, పాత వైభవం దక్కలేదు.

గోడతో ఒక పెద్ద చిక్కు ఉంది. గోడ లేచిందంటే వెనక ధైర్యం పెరుగుతుంది, ధైర్యంతో ఇళ్ళు పెరుగుతాయి. గోడ తట్టుకోలేని రోజు వచ్చినప్పుడు మునుపటి కంటే ఎక్కువమంది దాని వెనక ఉంటారు. అమెరికా భూగోళ శాస్త్రవేత్త గిల్బర్ట్ వైట్ గత శతాబ్దం మధ్యలోనే ఈ సంగతి చెప్పారు. జపాన్‌లోని తారో ఊరికి 10 మీటర్ల ఎత్తు గోడ ఉండేది, దేశమంతా వచ్చి చూసేవాళ్ళు. 2011 మార్చి 11న సునామీ దాని మీదుగా దూకింది. అదే తీరంలో ఫుదాయ్ అనే ఊరికి 15.5 మీటర్ల అడ్డుకట్ట ఉంది. అంత ఎత్తు ఎందుకని విమర్శలు వచ్చినా అప్పటి ఊరి పెద్ద కొతాకు వామురా వెనక్కి తగ్గలేదు. ఊరు దక్కింది. 1896 సునామీలో అలలు ఎంత ఎత్తు లేచాయో మరిచిపోకుండా, దాన్ని బట్టే ఎత్తు నిర్ణయించాలని ఆయన పట్టుబట్టాడు.

నెదర్లాండ్స్ దారి ఇంకోలా ఉంది. 1953 ఫిబ్రవరి వరదల్లో 1,836 మందిని కోల్పోయాక ఆ దేశం దశాబ్దాలపాటు కట్టలు కట్టింది. తర్వాత నదికి చోటు ఇవ్వడం కూడా నేర్చుకుంది. నైమేఖన్ నగరం దగ్గర కట్టను సుమారు 350 మీటర్లు వెనక్కి జరిపి, నదికి అదనపు పాయ తవ్వారు. అందుకోసం కొన్ని పదుల ఇళ్ళు తొలగించారు. నష్టం జరగకముందే ఖాళీ చేయించి, ముందే పరిహారం ఇచ్చారు. నాకు బాగా నచ్చిన పద్ధతి ఇది.

"వందేళ్ళకోసారి వచ్చే వరద" అంటే, ఒకసారి వచ్చింది కాబట్టి ఇక వందేళ్ళు నిశ్చింతేనా?

కాదు. ఏ సంవత్సరంలోనైనా అది వచ్చే అవకాశం 1 శాతం అని మాత్రమే అర్థం. వరసగా రెండేళ్ళు రావచ్చు. 30 ఏళ్ళ ఇంటి అప్పు తీరేలోగా కనీసం ఒకసారి వచ్చే అవకాశం 26 శాతం. పైగా ఆ లెక్కలు పాత వానల ఆధారంగా వేసినవి, వానలు మారుతున్నాయి.

న్యూ ఆర్లియన్స్‌ను తిరిగి కట్టడం సరైన పనేనా?

అన్నింటికంటే ఎక్కువ గొడవ జరిగిన ప్రశ్న. నగరంలో దాదాపు సగం సముద్ర మట్టానికి కింద ఉంది. 2005 ఆగస్టు 29న 80 శాతం నగరం మునిగింది. వదిలేయాలన్నవాళ్ళు ఈ రెండు అంకెలూ చూపిస్తారు.

మూడో సంగతి కూడా ఉంది. కొన్ని కాలువల పక్క గోడలు నీరు పైనుంచి పొర్లకముందే, డిజైన్ ప్రకారం తట్టుకోవాల్సిన మట్టం కంటే తక్కువలోనే విరిగాయి. కట్టిన సైనిక ఇంజనీర్ల విభాగమే 2006లో తప్పు ఒప్పుకుంది. కాబట్టి దీన్ని ప్రకృతి ఒక్కదాని లెక్కలో వేయలేం. తప్పుడు కట్టడం వల్ల ఇల్లు పోయినవాళ్ళతో "మీరు అక్కడ ఉండటమే తప్పు" అనడం అన్యాయం.

2006 జనవరిలో ఒక ప్రణాళికా పటం బయటికి వచ్చింది. పల్లపు పేటల మీద పచ్చని చుక్కలు వేసి, అవి పార్కులుగా మారవచ్చని సూచించింది. సాంకేతికంగా అందులో అర్థం ఉంది. కానీ ఆ పేటల జనం ఇంకా వేరే రాష్ట్రాల్లో, బంధువుల ఇళ్ళలో ఉన్నారు. తమ ఇల్లు పచ్చ చుక్క అయిందని పేపర్లో చూసి తెలుసుకున్నారు. ఎక్కడికి వెళ్ళాలో, ఎంత ఇస్తారో ఆ పటంలో లేదు. జనం భగ్గుమన్నారు, ప్రణాళిక అటకెక్కింది. మంచి ఆలోచన చెప్పిన తీరు వల్ల చచ్చిపోయింది.

తర్వాత ఇచ్చిన సాయంలోనూ తేడా జరిగింది. విపత్తుకు ముందు ఇంటి ధర, కట్టడానికి అయ్యే ఖర్చు, ఈ రెండింటిలో ఏది తక్కువైతే దాన్ని బట్టి సాయం లెక్కించారు. నల్లజాతివారి పేటల్లో ఇళ్ళ ధరలు తక్కువ. ఒకే రకం ఇంటికి, ఒకే నష్టానికి వాళ్ళకు తక్కువ డబ్బు వచ్చింది. కోర్టుకెళ్ళాక 2011లో రాజీ కుదిరింది. అప్పటికే చాలామంది తిరిగి రాలేకపోయారు. 2000లో 4,84,000 దాటిన జనాభా 2020లో సుమారు 3,84,000. ఎవరు ఖాళీ చేయాలన్నది చివరికి నేల ఎత్తు నిర్ణయించలేదు, చేతిలో ఉన్న డబ్బు నిర్ణయించింది.

సుమారు 1,450 కోట్ల డాలర్లతో కొత్త రక్షణ వ్యవస్థ కట్టారు. 2021 ఆగస్టు 29న, సరిగ్గా అదే తేదీన ఐడా తుపాను వచ్చినప్పుడు నగర రక్షణ కట్టలు నిలిచాయి. కరెంటు మాత్రం పోయింది. కట్టడం సరైనదేనని నా అభిప్రాయం, కానీ నగరం కుంగుతూ ఉండగా, బయట చిత్తడి నేలలు సముద్రంలో కలిసిపోతూ ఉండగా ఆ జవాబు శాశ్వతం కాదు. లూసియానా 1930ల నుంచి సుమారు 5,000 చదరపు కిలోమీటర్ల తీరభూమి కోల్పోయింది. నగరాన్ని కాపాడే కట్టలే నది ఒండ్రును ఆ నేలలకు చేరకుండా ఆపాయి.

తీరం నుంచి ఇంత దూరం కట్టకూడదని ఒక గీత గీస్తే పోదా?

2004 సునామీ తర్వాత శ్రీలంక అదే చేసింది. దక్షిణ, పడమర తీరాల్లో 100 మీటర్లు, ఉత్తర, తూర్పు తీరాల్లో 200 మీటర్లు. నేల ఎత్తుపల్లాలతో ఆ గీతకు సంబంధం లేదు. మత్స్యకారులు పడవలకూ వలలకూ దూరమయ్యారు, హోటళ్ళకు మాత్రం దారి దొరుకుతోందని విమర్శలు వచ్చాయి. తర్వాత నిబంధన సడలించారు. ఇండోనేషియాలోని అచేలో 2 కిలోమీటర్ల గీత ప్రతిపాదించి, జనం ఒప్పుకోక వదిలేశారు. 2013 హయాన్ తుపాను తర్వాత ఫిలిప్పీన్స్‌లోని తక్లోబాన్‌లో 40 మీటర్లు అన్నారు. నగరానికి ఉత్తరాన కాలనీలు కట్టారు, అక్కడ నీళ్ళకూ పనికీ ఇబ్బంది.

పడవ ఉన్నవాడు సముద్రం దగ్గరే ఉంటాడు. అతణ్ణి రాత్రి పడుకోవడానికి ఎత్తుకు పంపి, పగలు పనికి తీరానికి రానివ్వాలి. హెచ్చరిక వస్తే పరుగెత్తే దారి ఇవ్వాలి. బంగ్లాదేశ్ చేసింది ఇదే. 1970 తుపానులో 3 లక్షలమందికి పైగా, 1991లో సుమారు 1,38,000 మంది చనిపోయారు. 2007 సిద్ర్ తుపానులో మృతులు సుమారు 3,400. అది కూడా చిన్న సంఖ్య కాదు. కానీ తీరం ఖాళీ కాలేదు, మారింది హెచ్చరిక వ్యవస్థ, ఆశ్రయ భవనాలు, ఇంటింటికీ వెళ్ళి చెప్పే వాలంటీర్లు.

మారిన ఊళ్ళలో జనం ఎందుకు ఇమడలేరు?

1993 సెప్టెంబరు 30 లాతూర్ భూకంపం తర్వాత 52 గ్రామాలను పూర్తిగా కొత్త చోట్లకు మార్చారు. ఇళ్ళు గట్టివి. కానీ ఊరు పట్టణం లేఅవుట్‌లా విశాలంగా, చెదురుమదురుగా వచ్చింది. ఇరుగుపొరుగు విడిపోయారు. పశువులకు, ధాన్యానికి చోటు లేని ఇంటికి రైతు తనకు తెలిసిన పద్ధతిలో పక్కన పాక కలుపుకుంటాడు. అక్కడ భూకంప భద్రత ఉండదు.

1995 కోబే భూకంపం తర్వాత తాత్కాలిక ఇళ్ళను లాటరీ వేసి కేటాయించారు. నిష్పక్షపాతంగా అనిపించే పద్ధతే. కానీ పాత పరిచయాలు తెగి, వృద్ధులు ఒంటరిగా గదుల్లో చనిపోయిన ఘటనలు జరిగాయి. తర్వాతి విపత్తుల్లో పేటలను కలిపి ఉంచడానికి జపాన్ ప్రయత్నించింది. ఆస్ట్రేలియాలోని గ్రంథామ్ 2011 జనవరి వరదలో దెబ్బతిన్నాక స్థానిక కౌన్సిల్ పక్కనే ఎత్తయిన భూమి కొని, పాత స్థలానికి బదులు కొత్త స్థలం ఇస్తామంది. బలవంతం లేదు. ఏడాది తిరక్కుండానే మొదటి కుటుంబాలు కొత్త ఇళ్ళలో చేరాయి. పక్కనే, స్వచ్ఛందంగా, త్వరగా: ఈ మూడూ ఉంటే మార్పు సాధ్యమే.

త్వరగా కట్టాలా, నిదానంగా ఆలోచించి కట్టాలా?

జపాన్‌లోని రికుజెన్‌తకతా పట్టణం 2011 సునామీలో కొట్టుకుపోయింది. కొండను తవ్విన మట్టిని కన్వేయర్ బెల్టు మీద తెచ్చి నడిబొడ్డును సుమారు 10 మీటర్లు ఎత్తు చేశారు. ఇంజనీరింగ్ అద్భుతమే. కానీ ఏళ్ళు పట్టింది, ఈలోగా కుటుంబాలు వేరే చోట స్థిరపడ్డాయి. ఎత్తు చేసిన స్థలాల్లో చాలా భాగం ఖాళీగా మిగిలింది.

మరోవైపు 2009లో ఇటలీలోని లాక్విలా బయట నెలల వ్యవధిలో 19 కాలనీలు లేచాయి. పైకప్పు దొరికింది, కానీ పాత నగరం నడిబొడ్డు ఏళ్ళ తరబడి తాళాలు వేసినట్టు ఉండిపోయింది. ఇంటి విషయంలో వేగం, ఊరి విషయంలో నిదానం కావాలి. ఎక్కడ కట్టకూడదో మాత్రం మొదటి కొన్ని నెలల్లోనే ప్రకటించాలి. ఆలస్యమైతే జనం రేకులతో అక్కడే కట్టేసుకుంటారు, అప్పుడు ఏ పటం పనికిరాదు.

ప్రతిసారీ ప్రజాధనం అక్కడే ఎందుకు పొయ్యాలి?

న్యాయమైన ప్రశ్న. అమెరికాలో 1968లో మొదలైన ప్రభుత్వ వరద బీమా చాలా ఇళ్ళకు అసలు ప్రమాదం కంటే తక్కువ ప్రీమియం వసూలు చేసింది. పదేపదే మునిగే ఇళ్ళకు పదేపదే చెల్లించింది. 2017లో ఆ పథకం అప్పుల్లో 1,600 కోట్ల డాలర్లు రద్దు చేయాల్సి వచ్చింది. ప్రీమియం ఒక్కసారిగా పెంచితే మాత్రం ముందు వెళ్ళిపోయేది పేదవాడు, తీరాన రెండో ఇల్లు ఉన్న సంపన్నుడు కాదు. రెండుసార్లు మునిగిన ఇంటిని మూడోసారి బాగుచేయడానికి ఇచ్చే డబ్బుతో ఆ ఇంటిని కొనేసి, వేరే చోట కట్టుకోనివ్వడం మేలు. క్రైస్ట్‌చర్చ్‌లో 2011 భూకంపం తర్వాత న్యూజిలాండ్ ప్రభుత్వం దెబ్బతిన్న మెత్తటి నేల మీది సుమారు 8,000 ఆస్తులను ఇలాగే కొన్నది. బీమా లేనివాళ్ళకు తక్కువ ఇవ్వజూపితే సుప్రీంకోర్టు దాన్ని తప్పుపట్టింది.

సముద్ర మట్టం పెరుగుతోంది కదా. తీర నగరాలన్నీ వదిలేయాలా?

ఏ నగరం ఎందుకు మునుగుతోందో ముందు తెలియాలి. జకార్తా ఉత్తర భాగం కుంగడానికి పెద్ద కారణం లోతైన బోర్లతో భూగర్భ జలాలు తోడటం. ఇండోనేషియా 2019లో కొత్త రాజధాని ప్రకటించింది. ప్రభుత్వ కార్యాలయాలు వెళ్ళవచ్చు, కోటిమందికి పైగా జనం జకార్తాలోనే ఉంటారు. టోక్యో కూడా గత శతాబ్దంలో ఇలాగే కుంగింది. నీరు తోడటాన్ని చట్టంతో కట్టడి చేశాక కుంగడం చాలావరకు ఆగింది. మనుషుల చేతుల్లో ఉన్న కారణాన్ని సరిచేయకుండా ఊరు వదిలేయమనడం తొందరపాటు. ఏ ఉపాయమూ లేని చిన్న దీవులు, పల్లపు తీర గ్రామాలు ఉన్నాయి. వాళ్ళకు ఇప్పుడే, నీళ్ళు ఇంట్లోకి రాకముందే, భూమి చూపించాలి.

ఖాళీ చేసిన స్థలాన్ని ఏం చేయాలి?

వెంటనే ఏదో ఒక పనికి పెట్టాలి, లేకపోతే పదేళ్ళలో మళ్ళీ ఇళ్ళు వస్తాయి. హవాయిలోని హీలో 1946, 1960 సునామీల్లో రెండుసార్లు దెబ్బతిన్నాక తీరం వెంబడి పేటను తీసేసి పార్కులుగా, ఖాళీ మైదానంగా ఉంచింది. చిలీలోని కాన్‌స్టిటుసియోన్ 2010 తర్వాత నది ఒడ్డున గోడకు బదులు అలల వేగాన్ని తగ్గించే చెట్ల వనాన్ని ఎంచుకుంది. అందులో జనం తిరగవచ్చు.

మా ఊరికే ఈ పరిస్థితి వస్తే ముందుగా ఏం అడగాలి?

మీ పేట నేల పరీక్ష ఫలితం, ముంపు పటం అడగండి. ఊరంతటిదీ చూపిస్తే సరిపోదు, మీ వీధిది కావాలి. మారమంటే కొత్త చోటు ఏదో, నీళ్ళు, బడి, బస్సు ఎప్పుడు వస్తాయో రాతపూర్వకంగా అడగండి. పాత స్థలం మీద హక్కు ఎప్పుడు పోతుందో, కొత్త పట్టా ఎప్పుడు చేతికొస్తుందో తెలుసుకోండి. రెండింటి మధ్య ఖాళీ ఉండకూడదు. అద్దెకున్నవాళ్ళను, కాగితాల్లేని ఇళ్ళవాళ్ళను జాబితాలో చేర్చారో లేదో చూడండి. దాదాపు ప్రతి విపత్తులోనూ ముందు తప్పిపోయే పేర్లు అవే.

అక్కడే కట్టే పక్షంలో రోడ్ల వెడల్పుకు అందరి స్థలాల్లో కోత ఎంతో అడగండి. 2001 భూకంపం తర్వాత భుజ్ పాత పట్టణంలో ఇరుకు సందుల్లో సహాయక బృందాలు వెళ్ళలేకపోయిన అనుభవంతో వీధులు వెడల్పు చేశారు. అందుకు ప్రతి స్థలం నుంచి కొంత తీసుకుని, కొత్తగా కొలిచి ఇచ్చారు. మరీ చిన్న స్థలాలకు కోత లేదు, పెద్దవాటికి ఎక్కువ. జనంతో కూర్చుని, పటాలు గోడలకు అంటించి, అభ్యంతరాలు విని చేశారు. మీ దగ్గరా అలాగే చేయమని పట్టుబట్టండి.